చూసిందే పలకాలి

ఒక్క నవ్వు కోసం ఉరాబె చిజురు పదకొండు నెలలు కష్టపడింది. తన నవ్వు కోసం కాదు, ఆమె మామూలుగానే తక్కువ నవ్వుతుంది. నాగి నవ్వు కోసం. నాగి అంటే ముసలివాళ్ళని మంచంలోంచీ చక్రాల కుర్చీలోంచీ రెండు చేతులా ఎత్తి, పొదివి పట్టుకుని దించే మనిషి ఆకారపు రోబో. పెదవి కొస ఎంత లేవాలి, కళ్ళ కింద ఎంత ముడత పడాలి, ఎదుటివాళ్ళు చూశాక ఎంతసేపు ఆగి నవ్వాలి, అన్నీ కొలిచి, టోక్యోలో నాలుగువందల మందికి చూపించి, "అబ్బ, ఎంత నమ్మకంగా ఉందో" అని వాళ్ళ చేత అనిపించుకుంది. ఆ నవ్వు మీద ఆమెకి ఎంత ధీమా అంటే, అకితా కొండల్లో ఉన్న యునోసావా వృద్ధాశ్రమానికి బయల్దేరేటప్పుడు ఇరవై రోజులకి సరిపడా బట్టలు కూడా సర్దుకోలేదు. వారంలో పని తేలిపోతుందనుకుంది.

మొదటి రోజు మధ్యాహ్నం పదిహేనుమంది ముసలివాళ్ళు హాల్లో కూర్చుని టీ తాగుతూ, పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ ముక్కలు కొరుకుతున్నారు. నాగి లోపలికొచ్చి నడుం వంచి నమస్కరించి నవ్వింది. ఒక్కళ్ళూ తిరిగి నవ్వలేదు. తొంభై ఒక్క ఏళ్ళ కియో బామ్మ మాత్రం చేత్తో మూతి తుడుచుకుని, "ఎందుకే ఇది నన్ను చూసి నవ్వుతోంది? నా మొహానికి ఏమైనా అంటుకుందా?" అని పక్కావిణ్ణి అడిగింది.

చిజురుకి కాస్త చివుక్కుమంది. అయినా తగ్గలేదు. మొదటి రోజు అంతేలే అనుకుంది.

ఆశ్రమంలో అసలు గోలంతా స్నానం గురించి. కింది గదిలో దేవదారు చెక్క తొట్టె ఉంది. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళు అందులో పడి నిండి పొర్లి కాలవలోకి పోతూనే ఉంటాయి. కాళ్ళు లేవలేనివాళ్ళని ఆ తొట్టెలో దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అక్టోబరులో ఇద్దరు కుర్రవాళ్ళు సెందాయిలో మంచి ఉద్యోగాలు దొరికి వెళ్ళిపోయారు. మిగిలిన మియె ఒక్కతే అందర్నీ ఎత్తబోయి నడుం పట్టేసి, ఇప్పటికీ బెల్టు కట్టుకుని తిరుగుతోంది. అప్పట్నుంచీ వాళ్ళని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఒంటిమీద నీళ్ళు పోసి తుడిచేస్తున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ మెడదాకా మునిగి స్నానం చేసినవాళ్ళకి అదేం స్నానం? "పూలకుండీకి పోసినట్టు పోస్తున్నారు, వేళ్ళయినా దిగడంలేదు" అని కియో బామ్మ వార్డెన్ మొహం మీదే అనేసింది.

వార్డెన్ నరితా గారు పూర్వం నర్సు. మాట తక్కువ మనిషి. "ఇరవయ్యో రోజున మీ నాగి ఒక్కరినైనా తొట్టెలో క్షేమంగా దింపాలి. మిగతావాళ్ళు ఒప్పుకోవాలి. అలా అయితే ఉంచుకుంటాం. కాకపోతే లారీ ఎక్కించేయండి," అని చిజురుకి కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"ఎవరు ముందు?" అని చిజురు అడిగితే, హాల్లో మిగతా పద్నాలుగుమందీ కిటికీ పక్కన కుర్చీలో ఉన్న ఒక్క మనిషి వైపే తిరిగారు.

ఆయన పేరు తొకుజి. ఆ లోయలో సగంమందిది ఒకటే ఇంటిపేరు, అందుకని అందరూ పేరుపెట్టే పిలుస్తారు. ఎనభై నాలుగేళ్ళు. ఏటి ఒడ్డున నడిచే ఒంటిపెట్టె రైలుకి ముప్ఫై ఎనిమిదేళ్ళు డ్రైవరు. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళంతా బడికీ, అత్తారింటికీ, ప్రసవానికీ ఆయన బండిలోనే వెళ్ళినవాళ్ళు. తొకుజి ఎక్కితే మేమూ ఎక్కుతాం, లేదంటే లేదు. వాళ్ళ తీర్మానం అంతే.

వారంపాటు నవ్వుకి ఇంకా మెరుగులు దిద్ది, చిజురు నాగిని ఆయన ముందుకి తీసుకెళ్ళింది. నాగి నవ్వింది.

"తొకుజి గారూ, మీరేం భయపడక్కర్లేదండీ. దీనికి ఇరవై రెండు సెన్సార్లున్నాయి. కుర్చీ బ్రేకులు, నేల తడి, నీళ్ళ వేడి, మీ బరువు, అన్నీ చూస్తుంది."

"ఎప్పుడు చూసింది?"

"ఇప్పుడే. మనం మాట్లాడుతుండగానే చూసేసింది."

"అది నా మొహం చూసి నవ్వుతోంది కదమ్మా. నన్ను చూస్తూ బ్రేకు ఎప్పుడు చూసింది?"

"అదీ... లోపల చూస్తుందండీ."

"లోపల దానికి తెలుసు, సరే. మరి నాకు తెలిసేదెట్లా?" ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. "నవ్వేవాళ్ళని చాలామందిని చూశాను ఇంజనీరమ్మా. బీమా అమ్మేవాడూ నవ్వుతాడు. నన్నెత్తుకోబోయేవాడు ఎక్కడ చూస్తున్నాడో నాకు కనపడాలి. ఒక పని చెయ్యి. రేపు పొద్దున ఏడూ పదకొండు బండి ఎక్కు. డ్రైవరు వెనకాల నిలబడు. మొహం చూడకు, చెయ్యి చూడు."

చిజురుకి ఒళ్ళు మండింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసుకి మూడు పేటెంట్లు తెచ్చుకున్నదాన్ని, నాకు రైలెక్కి పాఠం నేర్చుకోమంటాడా అనుకుంది. కానీ మర్నాడు ఏడింటికల్లా ప్లాట్‌ఫారం మీద మంచులో కాళ్ళు కొట్టుకుంటూ నిలబడే ఉంది. పని విషయంలో ఆమె రోషానికి పోయి ఏదీ వదులుకోదు.

బండి నడిపేది పాతికేళ్ళ అమ్మాయి. పెట్టెలో చిజురు కాక ముగ్గురు బడిపిల్లలున్నారు, ముగ్గురూ నిద్రపోతున్నారు. ఆ అమ్మాయి తెల్ల చేతితొడుగు వేసుకున్న వేలు తిన్నగా చాచి, "బయల్దేరే సిగ్నల్, యోషి!" అంది. సరిగ్గా ఉంది అని దాని అర్థం. గడియారం మీద వేలు పెట్టి, "ఏడూ పదకొండు, యోషి!" వంతెన ముందు, "వేగం నలభై, యోషి!" వినేవాడు లేడు, మెచ్చుకునేవాడు లేడు. అయినా ప్రతి సిగ్నల్‌కీ ఆ వేలు లేస్తూనే ఉంది, గొంతు పలుకుతూనే ఉంది. చిజురు ఇది చిన్నప్పట్నుంచీ వెయ్యిసార్లు చూసింది. ఎవరు చూడలేదు ఈ దేశంలో? రోజూ చూసేదే కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు.

మూడో స్టేషను వచ్చేసరికి ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు. 'ఇదే! ఏం చూస్తున్నాడో చూపించేవాణ్ణి జనం నమ్ముతారు. దొరికింది!' అనుకుంది. దొరికింది సగమే. ఆ సంగతి ఆమెకి అప్పటికింకా తెలియదు.

రెండు రోజుల్లో నాగికి వేలు చూపడం నేర్పేసింది. నడుం కొంచెం వంచి, కుడిచెయ్యి చాచి, చూపుడువేలు నిటారుగా పెట్టి, గంట కొట్టినట్టు "ఎడమ బ్రేకు, యోషి! కుడి బ్రేకు, యోషి! కాళ్ళు, యోషి!" అంటుంటే ముసలివాళ్ళు టీలు వదిలేసి మరీ చప్పట్లు కొట్టారు. "అచ్చం మన తొకుజి పడుచువాడుగా ఉన్నప్పుడు ఇలాగే ఉండేవాడు. ఇదే కాస్త అందంగా ఉందేమో!" అని కియో బామ్మ పకపకా నవ్వింది. చిజురు సిగ్గుపడుతూనే లోలోపల పొంగిపోయింది.

"రేపు నన్ను కుర్చీలోంచి మంచం మీదికి మార్చి చూపించమను," అన్నాడు తొకుజి.

మర్నాడు అందరూ ఆయన గది గుమ్మంలో మూగారు. నాగి వచ్చి నవ్వి, వంగి, వేలు చాచింది. "ఎడమ బ్రేకు, యోషి!" సరిగ్గా అప్పుడు తొకుజి ఒడిలో దుప్పటి కింద నుంచి చెయ్యి జార్చి, మీట పైకి లాగి కుడి బ్రేకు తీసేశాడు. ఎవరూ చూడలేదు. నాగి వేలు కుడివైపు తిరిగింది.

"కుడి బ్రేకు, యోషి!"

"ఆపండి!" అన్నాడు తొకుజి. కాలి మునివేలితో నేలని తాకి నెట్టాడు. కుర్చీ గిర్రున పక్కకి తిరిగింది. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒక్కసారి హా అన్నారు.

చిజురు గబగబా ముందుకొచ్చింది. "ప్రమాదమేం లేదండీ! అది ఎత్తేది కాదు. ఎత్తేముందు లోపల అసలు పరీక్ష వేరే ఉంటుంది. బ్రేకు లేదని అప్పుడు తెలిసిపోయేది, ఆగిపోయేది. ఇది..."

"ఇది?"

ఆమె నాగి చాచిన వేలిని కిందికి దించింది.

"ఇది మా కోసం. అంతేనా?" తొకుజి గొంతు పెంచలేదు. "అసలు చూపు లోపలెక్కడో ఉంది. ఈ వేలూ, ఈ అరుపూ ముసలాళ్ళ ముచ్చట తీర్చడానికి."

"చెవుల్లో పువ్వులు పెట్టావన్నమాట," అంది కియో బామ్మ. ఈసారి ఆమె నవ్వడంలేదు. "చప్పట్లు కూడా కొట్టాను, ఛీ."

ఒక్కొక్కరే కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయారు. చిజురుకి తల తీసేసినట్టయింది. తాను అబద్ధమాడలేదని తనకి తెలుసు, నాగి నిజంగానే ఆగేది. మరి ఎందుకింత సిగ్గుగా ఉంది? ఎందుకంటే ఆయనన్నది అక్షరాలా నిజం. ఆ వేలు చూసింది శూన్యం. నోటికి ముందే నేర్పిన పాట అది పాడింది.

ఇంకా ఎనిమిది రోజులున్నాయి. సాయంత్రం ఆమె తొకుజి గదికి వెళ్ళి చాప మీద చేతులానించి, నుదురు తాకేలా వంగింది.

"చాల్లే, లే. నాకా దండాలతో పనిలేదు," అన్నాడాయన. "ఆ స్టూలు లాక్కుని కూర్చో. నీకొకటి చెప్తాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు, ఆవిడ పోయింది."

ఆమె కూర్చుంది.

"నాకు పెళ్ళైన మూడో ఏడు. నవంబరు. కొలిమి కుంట దగ్గర గేటు ఒకటుండేది. పట్టాలకి ఏమైనా అడ్డముంటే అక్కడ ఎర్రదీపం వెలుగుతుంది. నాలుగేళ్ళల్లో అది వెలగగా నేను చూడలేదు. రోజూలాగే వేలు చాచాను, 'గేటు, యోషి!' అన్నాను. గొంతు ఎంత బాగా పలికిందనుకున్నావ్! అనేశాక చూశాను. దీపం ఎర్రగా వెలుగుతోంది."

"అయ్యో."

"పట్టాల మీద ఆగిపోయిన పెర్సిమన్ పళ్ళ ట్రక్కు. మొగుడూ పెళ్ళాలు వెనక నుంచి నెడుతున్నారు. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు వేశాను. బారెడు దూరంలో ఆగింది బండి." ఆయన తన రెండు చేతులూ చాచి ఆ దూరం చూపించి దించుకున్నాడు. "ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చి నా కిటికీలోంచి బుట్టెడు పళ్ళిచ్చిందమ్మా. ఎంత చక్కగా చూసి ఆపావయ్యా, నీ కడుపు చల్లగుండ అని. చూసి ఆపానట! ఒక్క పండు కూడా గొంతు దిగలేదు నాకు."

చిజురు స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"వేలు ప్రయాణికుల కోసం కాదు. కన్ను ఒట్టి సోమరిది, నిన్న చూసిందే ఇవాళా ఉందనుకుంటుంది. దాన్ని మెడపట్టి ఈడ్చుకెళ్ళడానికి వేలు. వేలు వెళ్ళినచోటికి కన్ను వెళ్ళాలి. కన్ను చూసిందే నోరు పలకాలి. మిగతాదంతా నాటకం. నాటకమే ఆడితే నేను ఆ రోజు ఎంత బాగా ఆడానో!" ఆయన దుప్పటి సర్దుకున్నాడు. "నాకా తొట్టె కావాలి ఇంజనీరమ్మా. నిజం చెప్తున్నాను. నాలుగు నెలల్నించి కిందనుంచి ఆ నీళ్ళ చప్పుడు వింటూ పడుకుంటున్నాను. కానీ మునిగేది నేనొక్కణ్ణి కాదు, నన్ను చూసి వెనక వచ్చేవాళ్ళున్నారు. నేను ఊరికే సరే అనలేను."

"అనొద్దండీ," అంది చిజురు. "నేను సరే అనమని అడగను. చేసి చూపిస్తాను, మీరు చూసి చెప్పండి."

మర్నాడు పొద్దున్నే నాగిని విప్పేసింది. తల పైనుంచి కెమెరా తీసి చూపుడువేలి కొసలో పెట్టింది. వేలు ఎటు తిరిగితే చూపు అటే పోతుంది, వేరే దారి లేదు. చూసినదాంట్లో తప్పులేదని తేలితేనే గొంతు పలుకుతుంది. ముందే నేర్పిన పాట ఒక్క ముక్క మిగల్చలేదు. వేలు బ్రేకు మీద ఉన్నంతసేపూ నాగి మొహం కూడా బ్రేకు వైపే తిరిగి ఉండాలి కాబట్టి ఇక నవ్వడానికి తీరికేది? పదకొండు నెలల నవ్వుని ఆ మధ్యాహ్నమే తీసి పక్కన పెట్టేసింది. ఎంతో బాధపడాల్సి వస్తుందనుకుంది గానీ, తీసేశాక నాగి మొహం పనిలో మునిగిపోయిన మనిషి మొహంలా ఉంది. అదే బాగుందనిపించింది.

మియె తన బెల్టు నడుంతోనే వచ్చి గంటల తరబడి కుర్చీలో కూర్చుని, ఒకసారి బ్రేకు తీసి, ఒకసారి కాలు జార్చి, ఒకసారి టవలు నేలమీద పడేసి నాగిని తిప్పలు పెట్టింది. "అబ్బే, నన్ను మించిన అనుమానపు పీనుగులా తయారుచేశారు దీన్ని," అని తనే మెచ్చుకుంది.

టోక్యో నుంచి పై అధికారి కుగిమియా ఫోను చేశాడు.

"ఉరాబె, నవ్వు తీసేశావట?"

"తీసేశానండీ."

"మన కరపత్రం మీద అట్ట నిండా ఆ నవ్వే ఉంది! ఇంకోటి, ఎత్తి దించడం తొంభై సెకన్లని అచ్చు వేశాం. ఇప్పుడెంత పడుతోంది?"

"నాలుగు నిమిషాల పది సెకన్లు."

"శుక్రవారం నేనొస్తున్నాను. జిల్లా కార్యాలయం వాళ్ళిద్దరిని వెంటబెట్టుకుని వస్తున్నాను. వాళ్ళకి నచ్చితే నలభై ఆశ్రమాలు. నచ్చకపోతే నాగి పని అయిపోయినట్టే, నీ విభాగం పని కూడా. అర్థమైందా?"

"అర్థమైందండీ. తప్పకుండా రండి. బాగా పనిచేస్తుంది," అంది చిజురు.

శుక్రవారం మధ్యాహ్నం స్నానాల గది ఆవిరితో నిండిపోయింది. గోడ వారగా కుగిమియా, చొక్కా గుండీలు బిగించుకుని చెమటలు కక్కుతున్న జిల్లా అధికారులిద్దరు, నరితా గారు, మియె నిలబడ్డారు. తలుపు బయట నడవాలో పద్నాలుగు మంది ముసలివాళ్ళు. తొకుజి పలచని స్నానపు అంగీ వేసుకుని, చిన్న తువ్వాలు మెడచుట్టూ వేసుకుని కుర్చీలో వచ్చాడు. కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. చిజురు చేతిలో టాబ్లెట్ పట్టుకుని తొట్టె పక్కన నిలబడింది.

నాగి వంగింది. వేలు చాచింది. మొహం వేలి వెంట వెళ్ళింది.

"ఎడమ బ్రేకు, యోషి!"

దుప్పటి లేదు కాబట్టి ఈసారి తొకుజి దాపరికం లేకుండానే కుడి మీట పైకి లాగాడు. వేలు అటు తిరిగింది. ఆగింది.

"కుడి బ్రేకు, లేదు."

ఆయన మీట దించాడు. వేలు కదల్లేదు. మళ్ళీ చూసింది.

"కుడి బ్రేకు, యోషి! కాళ్ళు, యోషి! నీళ్ళు నలభై ఒకటి, యోషి!"

జిల్లా అధికారుల్లో పెద్దాయన తల ఊపాడు. కుగిమియా ఊపిరి పీల్చుకున్నాడు. వేలు నేల వైపు తిరిగింది. ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఒకటి, రెండు, పది సెకన్లు.

"నేల కనపడటం లేదు," అంది నాగి. "ఆగుతున్నాను."

చిజురు వంగి ఆ వేలి కొస వైపు చూసింది. ఆవిరి! వేలి కొసన ఉన్న అద్దానికి ఆవిరి పట్టింది. వారమంతా పొడి గదిలో పరీక్షలు చేసింది గానీ ఈ ఆవిరి సంగతి తోచనే లేదు. ఇంజనీరట, మూడు పేటెంట్లట!

కుగిమియా మెల్లగా ఆమె భుజం దగ్గరికి వచ్చాడు. పెదవులు కదలకుండా అన్నాడు. "ఈ పరీక్షని దాటవేసే బటన్ ఉంది కదా నీ దగ్గర. నొక్కు."

"నేల కనపడలేదంటోందండీ."

"మిగతా ఇరవై ఒక్క సెన్సార్లూ బాగుందంటున్నాయి. నేల పొడిగా ఉంది, నా కళ్ళకి కనపడుతోంది, నీ కళ్ళకీ కనపడుతోంది. నొక్కితే 'నేల, యోషి' అంటుంది, ఎత్తుతుంది, అయిపోతుంది. వాళ్ళకి తెలియదు. నలభై ఆశ్రమాలు, ఉరాబె."

ఆయన చెప్పింది తప్పు కాదు. నేల పొడిగానే ఉంది. నొక్కినా ఏమీ అవదు. ఆమె బొటనవేలు బటన్ మీదికి వెళ్ళింది కూడా. రెండేళ్ళ పని, తన విభాగంలో ఎనిమిదిమంది పొట్టకూడు, నాగి, అన్నీ ఆ వేలి కింద ఉన్నాయి. ఒక్కసారి నొక్కితే చాలు. కానీ అది పలికే ఆ ఒక్క మాటా చూడని మాట అవుతుంది. ఆ తరవాత నాగి ఎన్నిసార్లు యోషి అన్నా, అందులో చూసిందేదో చూడనిదేదో తనకే తెలియదు.

"నొక్కనండీ," అంది. మెల్లగా అనాలనుకుంది గానీ గదంతా వినపడేలా వచ్చింది. "కనపడలేదంది. కనపడలేదు కాబట్టి ఆగింది. అంతే." టాబ్లెట్‌ని బోర్లించి గూట్లో పెట్టేసి, చేతులు రెండూ వదిలేసి నిలబడింది.

కుగిమియా మొహం మాడిపోయింది. జిల్లా అధికారుల వైపు తిరిగి నడుం వంచి క్షమాపణలు మొదలుపెట్టాడు. నరితా గారు గోడ గడియారం చూసింది.

"ఒసేయ్ నాగీ, ఇటు రా," అన్నాడు తొకుజి.

నాగి వేలు దించకుండానే దగ్గరికి వచ్చింది. ఆయన మెడలో తువ్వాలు తీసి, ఆ వేలు పట్టుకుని, పసిపిల్ల ముక్కు తుడిచినట్టు కొసని శుభ్రంగా తుడిచాడు.

"ఊఁ. ఇప్పుడు చూడు. తొందరేం లేదు."

వేలు మళ్ళీ నేల వైపు వెళ్ళింది. కుర్చీ నుంచి తొట్టె దాకా నెమ్మదిగా జరుగుతూ అంగుళం అంగుళం చూసింది.

"నేల, యోషి!"

"అయితే ఎక్కుతాను," అన్నాడు తొకుజి. రెండు చేతులూ ఎత్తి దాని మెడ చుట్టూ వేశాడు.

నాగి ఆయన్ని ఎత్తుకుంది. మియె తన నడుం సంగతి మరచిపోయి రెండడుగులు ముందుకి వేసి ఆగింది. ఎముకల గూడులాంటి ఆ మనిషి మెల్లగా, పాదాలు, మోకాళ్ళు, నడుం, ఛాతీ, మెడ దాకా నీళ్ళలోకి దిగాడు. తొట్టె అంచుల మీంచి నీళ్ళు దబ్బున పొర్లి జిల్లా అధికారుల మేజోళ్ళు తడిపేశాయి. తొకుజి నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. బయట నడవాలో పద్నాలుగు గొంతులు కూడా అదే మూలుగు మూలిగాయి, తామే మునిగినంత సుఖంగా.

కుగిమియా తడిసిన కాళ్ళతోనే గడియారం చూసుకుని, "ఆగిన సమయంతో కలిపి ఏడు నిమిషాలు..." అని గొణిగాడు.

"నాలుగు నెలలు ఆగామయ్యా," అన్నాడు తొకుజి కళ్ళు మూసుకునే. "ఏడు నిమిషాలు ఆగలేమా?"

జిల్లా పెద్దాయన ఫక్కున నవ్వాడు. నరితా గారు మాత్రం నవ్వలేదు. నడవాలోకి తల పెట్టి, "తరవాత ఎవరు?" అంది. ఆమె తీర్పు అంతే, ఇంకేం చెప్పలేదు.

"ఎవరేమిటే, నేనే!" బయటనుంచి కియో బామ్మ కర్ర టకటకా కొట్టింది. "వాణ్ణి బయటికి లాగండి. ఈ మగాళ్ళందర్నీ కూడా బయటికి తోలండి, నా స్నానం చూస్తారా ఏం? ఇంకా ఎంతసేపురా తొకుజీ? నేను చచ్చాక దిగుతావా?"

మగవాళ్ళంతా గబగబా బయటికి నడిచారు. చిజురు తొట్టె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. ప్యాంటు తడిసిపోతోంది, పట్టించుకోలేదు. "నమ్మినందుకు కృతజ్ఞతలండీ. దాన్ని నమ్మారు," అంది.

తొకుజి కళ్ళు తెరిచాడు. ఆవిరికో, మరెందుకో, కళ్ళు తడిగా ఉన్నాయి.

"దాన్నా? దాన్ని నేను చూడలేదమ్మా," అన్నాడు. "అది ఆగిన దగ్గర్నుంచీ నీ బొటనవేలు చూస్తూ కూర్చున్నాను."

చిజురుకి ఏడుపు ఆగలేదు. మొహం అటు తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తరవాత చేత్తో కళ్ళు తుడుచుకుని, లేచి, కియో బామ్మ కుర్చీ తేవడానికి వెళ్ళింది.